వైర్లు నిద్రపోయే గోడ

భిక్షం తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. మొహం కడుక్కోకముందే గోడ దగ్గరకు వెళ్ళి వైర్లను చూసుకుంటాడు. కృష్ణానగర్‌లో మూడో అంతస్తులో రెండు గదుల వాటా అది. ముందుగదిలో తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు పదకొండు మేకులు. పది మేకులకు పది ఉక్కు వైర్లు, చుట్టలు చుట్టి వేలాడుతుంటాయి. పదకొండో మేకు మొన్నటిదాకా ఖాళీ. పోయిన ఏడాది ఒక వైరు నిద్రలోనే పోయింది. సినిమాల్లో హీరో గాలిలోకి లేచి పదిమందిని తన్నేటప్పుడు నడుముకు కట్టి పైకి లాగే వైర్లు ఇవి. చిటికెనవేలిలో సగం లావు కూడా ఉండవు.

ముందురోజు పనిచేసినవి ఇంకా నిద్రలో ఉంటాయి. నిద్రపోతున్న వైరు చేతికి గోరువెచ్చగా, మెత్తగా తగులుతుంది. చెవి ఆనిస్తే సన్నని గురక. లేచిన వైరు చల్లగా, బిర్రుగా ఉంటుంది. భిక్షం ఒక్కోదాన్ని తాకి, లేచినవాటిని సంచిలో వేసుకుంటాడు. లేవనివాటిని కదిలించడు.

"నీ గురక సాలదని వీటి గురక గూడ నా పానానికే వచ్చింది," అంటుంది అతని భార్య శకుంతలమ్మ, టీ గ్లాసు అందిస్తూ. ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది. కింది వాటా వాళ్ళు ఒకసారి ఓనరుకు చెప్పారు కూడా. ఓనరు వచ్చి గోడకు చెవి పెట్టి విని, వైర్ల సంగతి సరేగాని కొత్త మేకులు మాత్రం కొట్టొద్దని చెప్పి వెళ్ళాడు.

లోహం అలసిపోతుందన్నది కాలేజీలో ఫిజిక్సు చదివినవాళ్ళకు కొత్త కాదు. ఆ రోజుల్లో లాబులో ఒక తీగను పైనుంచి వేలాడదీసి, కింద అరకిలో చొప్పున బరువులు వేస్తూ, ఎంత సాగిందో రాసుకోమనేవారు. అంకెలు ఎప్పుడూ కుదిరేవి కావు. ముందు బ్యాచి వాడి రికార్డు చూసి ఎక్కించేసేవాళ్ళు. లెక్చరరుకూ తెలుసు, ఆయన కూడా అలాగే పాసయి ఉంటాడు. ఆ తీగ ఎన్నేళ్ళ నుంచి వేలాడుతోందో, ఎన్ని బ్యాచిల బరువు మోసిందో ఎవరూ అడగలేదు. సరే, భిక్షం సంగతి కదా చెప్పుకుంటున్నాం.

భిక్షం ఏ కాలేజీకీ పోలేదు. ఫిల్మ్ నగర్ గుట్టల మీద బండలు తొలిచి ఇళ్ళు కట్టేటప్పుడు గొలుసులు లాగే పనికి నల్గొండ వైపు నుంచి వచ్చాడు. బండలు అయిపోయాక గొలుసు వదిలి వైరు పట్టుకున్నాడు. అతని పద్ధతులు రెండే. మొదటిది, ఎవరిని కట్టే ముందయినా వైరు పట్టేవాడు తనే ముందు వేలాడి చూసుకోవాలి. రెండోది, ఇరవైసార్లు మనిషిని లేపిన వైరుకు నిద్ర ఇవ్వాలి. ఇరవయ్యో షాటు కాగానే భిక్షం చెయ్యెత్తి "పండుకుంది" అంటాడు. అసిస్టెంట్ డైరెక్టర్లు తల పట్టుకుంటారు. హీరో కారవాన్‌లోకి వెళ్తాడు. ఫైటర్లు నలభైమంది నీడ చూసుకుని కూలబడతారు, టీ క్యాన్ వస్తుంది. సంచిలో ఇంకో వైరు ఉంటుంది నిజమే, కాని దాన్ని ఎక్కించి, వేలాడి, చూసుకునేసరికి గంట పడుతుంది. యూనిట్ మొత్తానికి దొరికే విశ్రాంతి ఆ గంటే.

మొన్న వేసవిలో ఫిల్మ్ నగర్‌లోనే కోటగోడ సెట్టు వేశారు. ఫైట్ మాస్టర్ రవిచంద్ర ఒకరోజు పొద్దున్నే ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

"భిక్షమన్నా, ఈవిడ మైత్రేయి గారు. లాబులో పనిచేస్తారు. మనకో కొత్త వైరు తెచ్చారు. ఇది పడుకోదంట!"

మైత్రేయి పెట్టె తెరిచింది. లోపల వెండిలా తళతళలాడుతూ ఒక చుట్ట.

"వాడేకొద్దీ లోహంలో కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయండీ," అంది. "అవి పెరిగి పెరిగి ఒకరోజు తెగుతుంది. కొన్నేళ్ళ కిందట అమెరికాలో ఒక లాబులో ప్లాటినం పొరని సెకనుకి రెండొందలసార్లు లాగుతూ మైక్రోస్కోపులో చూశారు. ఒక పగులు దానంతటదే మూసుకుపోయింది. అప్పట్నుంచీ అందరం దాని వెనకే పడ్డాం. మా వైరు పనిచేస్తూనే అతుక్కుంటుంది. మీ వైర్లు ఎన్ని గంటలు పడుకుంటాయి?"

"పనిని బట్టి మేడమ్. ఎనిమిది, తొమ్మిది. వాననీళ్ళల్ల షూటింగయితే రెండు దినాలు."

ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది. "దీనికి అక్కర్లేదు. సాయంత్రం పెట్టెలో పెట్టేయండి, చాలు."

భిక్షం వైరును చేత్తో నిమిరాడు. "పండుకోకుంట ఎట్లుంటదమ్మా?"

"అదేమన్నా కొత్తల్లుడా అన్నా, మర్యాదలు చేస్తున్నావ్, ఎక్కించు!" అన్నాడు రవిచంద్ర.

ఆ సినిమాలో హీరోయిన్‌కు డూప్ భిక్షం కూతురే. పేరు బుజ్జి, ఇరవై మూడేళ్ళు. నాలుగేళ్ళుగా ఫైట్లు చేస్తోంది కాని యూనియన్ కార్డు లేదు. కార్డు లేకపోతే ఎవరో రానినాడు పిలిచే మనిషే. "ఈ సినిమా మొత్తం నువ్వు చెయ్యి, నీ కార్డుకు నేను సంతకం పెడతా," అని రవిచంద్ర మాటిచ్చాడు. మధ్యలో ఆగితే ఆ చోటు ఇంకొకరిది. కృష్ణానగర్‌లో ప్రతి సందులోనూ అలా ఎదురుచూసే ఆడపిల్ల ఒకతి ఉంటుంది.

కొత్త వైరుతో పని మొదలైంది. ఇరవై అయింది, వైరు చల్లగా, బిర్రుగా ఉంది. ముప్ఫై అయింది. టీ క్యాన్ ఎప్పుడు తేవాలో తెలియక ప్రొడక్షన్ వాళ్ళు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిరిగారు. చివరికి ఎండలో టీ చల్లారిపోయింది. ఫైటర్లు నిలబడే కునికారు. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అయిపోయేలా ఉందని రవిచంద్ర సంబరపడ్డాడు. అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

బుజ్జి కోటగోడ మీంచి దూకుతూనే ఉంది. ఇరవై ఆరోసారి వైరు చివర ఆగినప్పుడు నడుం పైభాగంలో పుల్ల విరిగినట్టయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో పన్నెండుసార్లు దూకింది.

సాయంత్రం ఇంట్లో శకుంతలమ్మ నూనె రాయబోతే చెయ్యి తోసేసింది.

"ఏమైందే?"

"పట్టేసిందే అమ్మా. రేపొక్కదినం. ఇంక తొమ్మిది దూకుళ్ళున్నయ్, అయిపోతది."

భిక్షం ఆ మాటలు వినలేదు. ఎన్నడూ లేనంతగా అలసిపోయి వచ్చాడు. సంచి విప్పి, నలభై ఏళ్ళ అలవాటున, కొత్త వైరును పెట్టెలో పెట్టకుండా ఖాళీగా ఉన్న పదకొండో మేకుకు తగిలించాడు. ఎదురు మంచం మీద బుజ్జి ఒక పక్కకే పడుకుని ఉంది. రాత్రంతా పది వైర్లూ గురక పెట్టాయి. పదకొండోది విన్నది.

పొద్దున తడిమి చూస్తే కొత్త వైరు చల్లగానే ఉంది. సంచిలో వేసుకున్నాడు.

సెట్లో పద్ధతి ప్రకారం ముందు తను వేలాడాడు. నలుగురు లాగారు, లేచాడు. ఇసుకబస్తా కట్టారు, అదీ లేచింది. బుజ్జిని కట్టారు.

"లాగండి!" అన్నాడు రవిచంద్ర.

వైరు కప్పీ మీదుగా జారి వచ్చింది కాని బుజ్జి కాళ్ళు నేల వదల్లేదు. మధ్యలో వైరు తడిగుడ్డలా వేలాడిపోయింది. సెట్టు నిశ్శబ్దమయ్యాక సన్నని గురక వినిపించింది.

"పడుకుందా?" రవిచంద్ర మైత్రేయి వైపు తిరిగాడు. "ఇది పడుకోదన్నారుగా మేడమ్!"

"నిన్నటిదాకా పడుకోలేదు సార్." ఆమె చేతిలోని చిన్న యంత్రాన్ని వైరు పొడవునా జరుపుతూ వెళ్ళింది. చివరికంటా చూసి మళ్ళీ మొదటికి వచ్చింది. "ఒక్క పగులు కూడా లేదు. వైరు శుభ్రంగా ఉంది."

"ఎక్కడో అక్కడ ఉండే ఉంటుంది, లేకపోతే ఎందుకు పడుకుంటుంది?"

బుజ్జిని విప్పి ఒక ఫైటర్‌ను కట్టారు. వైరు లేచింది, వాడు గాల్లోకి లేచాడు. మళ్ళీ బుజ్జిని కట్టారు. మళ్ళీ గురక.

భిక్షం వైరును వదిలేసి కూతురి దగ్గరకు నడిచాడు.

"పగులు వైరుల లేదు మాస్టర్," అన్నాడు. "ఏడ బిడ్డా?"

"నాయినా, ఊకో." బుజ్జి పళ్ళ మధ్యనుంచి అంది. "పాత వైరు కట్టు. తొమ్మిది దూకుళ్ళు. నీకు దండం పెడత, ఊకో."

"ఏడనో చూపియ్యి."

"కార్డు పోతది నాయినా!"

"పోనీ."

ఆమె చెయ్యి వెనక్కి పెట్టి వేలితో చూపించింది. ప్రొడక్షన్ వాళ్ళు కారు పిలిచారు.

స్కానింగ్ చూసిన డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టి, వెన్నుపూసలో వెంట్రుకంత గీతను వేలితో చూపించాడు. ఇంకొక్కసారి ఆ కుదుపు తగిలి ఉంటే కాళ్ళు పడిపోయేవన్నాడు. మూడు నెలలు కదలకుండా పడుకోవాలన్నాడు. మందేమీ లేదా అని శకుంతలమ్మ అడిగితే, "పడుకోవడమేనమ్మా మందు, ఎముక దానంతటదే అతుక్కుంటుంది," అన్నాడు. వెంట వచ్చిన మైత్రేయి అదీ రాసుకుంది.

మిగిలిన తొమ్మిది దూకుళ్ళు మనోజ అనే అమ్మాయి చేసింది. కార్డు మనోజకే వచ్చింది. బుజ్జి రెండు వారాలు గోడ వైపు తిరిగి పడుకుని తండ్రితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మేకుకు వేలాడుతున్న కొత్త వైరును మాత్రం రోజూ తిట్టింది. అది వింటున్నట్టు లేదు. బుజ్జి మంచం పట్టిన రోజునుంచీ అది లేవలేదు. లాబుకు తీసుకుపోదామని మైత్రేయి రెండుసార్లు వచ్చింది. వెచ్చగా ఉన్నదాన్ని తీయడానికి చేతులు రాక, టీ తాగి, రిజిస్టరులో "నమూనా విశ్రాంతిలో ఉంది" అని రాసుకుని వెళ్ళింది. ఆమె చెప్పే కబుర్లకు మొదట శకుంతలమ్మ నవ్వింది. మూడోవారానికి బుజ్జీ ఇటు తిరిగింది.

"మేడమ్, ఆ వైరు ఎన్నటికి లేస్తదంట?"

"నువ్వే చెప్పాలి."

మూడు నెలల ఆరు రోజులకు బుజ్జి మంచం దిగి, గోడ పట్టుకుని, నిలబడింది. పట్టుకున్న చోట వైరు చేతికి చల్లగా తగిలింది.

డాక్టరు దూకుళ్ళు మాత్రం ఇక వద్దన్నాడు. ఇప్పుడు కొత్త వైరు వస్తే చాలు, ఫైట్ మాస్టర్లందరూ దాన్ని ఒక రాత్రి భిక్షం గోడ మీద పడుకోబెట్టి పంపమంటున్నారు. ఆ రాత్రి గడిపిన వైరు పగిలిన మనిషిని లేపదు. వైరు పడుకున్న రోజు షూటింగు ఆగుతుంది, టీ క్యాన్ వస్తుంది. అలా ఆగిన రోజుల్లో స్కానింగుకు వెళ్ళివచ్చిన ఫైటర్లు ఈ ఆర్నెల్లలో ఏడుగురు. ఒకతి మనోజ.

నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకు భిక్షం లేవలేదు. శకుంతలమ్మ లేపబోతే బుజ్జి వద్దని చెయ్యి ఊపింది. గోడ దగ్గరకు వెళ్ళి ఒక్కో వైరునూ తాకి చూసింది. లేచినవాటిని సంచిలో వేసుకుంది, పదకొండోదాన్ని అన్నిటికన్నా పైన. ఆ రోజు ముందుగా వేలాడి చూసుకోవాల్సింది తనే.

"నాయిన అడిగితే ఏం చెప్పాలే?" అంది శకుంతలమ్మ.

"పండుకున్నడని మాస్టర్‌కు నేను చెప్త."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి మెట్లు దిగింది. లోపల గోడ మీది గురకకూ, మంచం మీది గురకకూ తేడా తెలియడం లేదు.