అందరూ విన్న వాక్యం

కారప్పొడి డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరని పొద్దున్నే మొదలైంది.

"నేను కాదు," అన్నాడు ప్రభు ఇడ్లీ తుంచుతూ.

"అయితే చెంచా తనంతట తానే స్నానం చేసొచ్చి కూర్చుందా?" అంది ఫెబా.

"పోనీలే అమ్మాయ్, చెంచా దగ్గర రాద్ధాంతమెందుకు," అంది అత్త కొండమ్మ. "వాడి మొహం చూడు, రాత్రంతా కన్ను మూయలేదు."

ఫెబా కూడా మూయలేదు. భార్యాభర్తలిద్దరిదీ అద్దంకి రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. ఆమె ఆఫీసులో, అతను సరుకు బయటికి పంపే చోట. శివరామకృష్ణ అనే రైతు అక్కడ దాచుకున్న మిర్చి టిక్కీలు, బస్తాలకు బస్తాలు, ఆయన చెప్పకుండానే లారీ ఎక్కి వెళ్లిపోయాయని నిన్న బయటపడింది. కంప్యూటర్లో అనుమతి ప్రభు పేరుతో ఉంది. ఆ వేళకి ప్రభు చర్చిలో ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు. రేపు రైతు వస్తాడు.

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా చెప్పలేదు గదా," అన్నాడు ప్రభు గేటు దగ్గర బండి దిగాక. ఆమె నమ్మింది. నమ్మినకొద్దీ భయం పెరిగింది. చెప్పకపోతే ఇంకెవరు తెరిచారు?

పాస్‌వర్డుల పెత్తనం ఆమెదే. కాటాకొకటి, సరుకు లెక్కకొకటి, బిల్లులకొకటి, మొత్తం మూడు సాఫ్ట్‌వేర్లు. మూడింటినీ ఒక్క తాళంతో తెరిచే ఏర్పాటు లేదు. అందుకని దేనికి దానికే నియమం పెట్టింది. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఏదో ఒక గుర్తు ఉండాలి. ఎవరూ సణగకుండా ఒక్కరోజులో పెట్టేసుకున్నారు. అప్పుడు తెగ మురిసిపోయింది.

మధ్యాహ్నం స్క్రీన్ ముందు కూర్చుని ఉండగా ఆ సంగతే తట్టింది. అంత తేలిగ్గా అందరికీ ఏం దొరికింది?

కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఇంటికొక వాగ్దాన కార్డు తీస్తారు. దాని మీది బైబిలు వాక్యాన్ని పాస్టరుగారు మైకులో చదువుతారు. అది బైబిల్లో ఎక్కడుందో ఇంగ్లీషులో రాస్తే పుస్తకం పేరు, అధ్యాయం, రెండు చుక్కలు, వచనం. పెద్దక్షరం, అంకె, గుర్తు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆఫీసులో సగం మంది ఆ చర్చివాళ్లే.

ప్రభు పేరు కొట్టి, తమ ఇంటికొచ్చిన వాక్యం కొట్టింది. తెరుచుకుంది. పక్క సీటు జెస్సీ పేరు, వాళ్లింటికొచ్చిన వాక్యం కొట్టింది. అదీ తెరుచుకుంది. మూడో పేరు కొట్టడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం అన్నాల దగ్గర అంతా చెప్పింది.

"దేవుడి మాట పెట్టుకోవడం కూడా తప్పేనా?" అంది కొండమ్మ.

"మాట తప్పు కాదే. తాళంచెవి మైకులో చదివించుకున్నారు," అన్నాడు మామ జక్రయ్య.

ప్రభు ముద్ద వదిలేశాడు. "రేపు పొద్దున్నే అందరిచేతా మార్పించెయ్ ఫెబా. యజమానికి చెప్పొద్దు. నియమం పెట్టింది నువ్వేనని నీ ఉద్యోగం కూడా పీకుతాడు."

"మారిస్తే ఇక రుజువేముంటుందండీ? మీ పేరొక్కటే మిగులుతుంది. చర్చిలో కూర్చుని ఎవరిచేతో చేయించారంటారు, దొంగ మీరే అవుతారు." ఆమె తాళంచెవి తీసి కంచం పక్కన పెట్టింది. "కంప్యూటర్ గదికి తాళం వేసొచ్చాను. రేపు రైతు రాకముందే యజమానిని నా సీట్లో కూర్చోబెడతాను. మీ పేరు, మన వాక్యం ఆయన చేతే కొట్టిస్తాను. ఆ నియమం పెట్టింది నేనేనని నా నోటితోనే చెప్తాను."