గీకని తలుపు

ఇశ్రాయేలు గరుకు వాటర్ పేపరును సబ్బునీళ్ళలో ముంచి, నాలుగు వేళ్ళ కింద పరిచి తలుపు మీద రుద్దుతున్నాడు. పసుపు రంగు నీళ్ళై మోచేతి దాకా కారుతోంది. కాసేపటికొకసారి గుడ్డతో తుడిచి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తాడు. ఎక్కువ రుద్దితే కిందిది పోతుంది. పోతే మళ్ళీ రాదు.

నరసరావుపేట బైపాసు పక్కన లారీ షెడ్డు. బండి మిలిటరీ ట్రక్కు. ధనుంజయరావు తండ్రి నలభై అయిదేళ్ళ కింద వేలంలో కొని మిరప బస్తాలు, మాచర్ల నాపరాళ్ళు తోలించాడు. ఇప్పుడు కొడుకు శివరాత్రికి కోటప్పకొండలో ప్రభ ముందు దాన్ని నడిపించాలని బాగుచేయిస్తున్నాడు.

వారం కింద, పసుపు పెచ్చు లేచిన చోట తెల్లటి బాణం మొన కనబడింది. సైన్యంలో ఉన్ననాటి నంబరు, బాణం గుర్తుతో మొదలయ్యేది. ఈ పొద్దున ధనుంజయరావు వచ్చి, అంతా పచ్చరంగు కొట్టి కొత్త నంబరు అంటించమన్నాడు.

"అసలుది ఉండగా అంటించేదేందయ్యా" అన్నాడు ఇశ్రాయేలు.

"సరే మేస్త్రీ. ఇయ్యాల సాయంత్రానికి అంతా బయటపడితే ఉంచుదాం. లేకపోతే బాబీ స్ప్రే గన్ను పట్టుకుంటాడు."

ఆ పసుపు వేసింది ఇశ్రాయేలే. పందొమ్మిదేళ్ళప్పుడు. పాత రంగు ఇనుము కనబడేదాకా గీకాలి. ఎండకు ఒళ్ళు బరువై, గీకకుండా మీద రంగు పూశాడు. పని నేర్పిన గురువు అందరి ముందూ కొట్టాడు. ఎడమ చెవి అప్పుడే పోయింది. ఆ తర్వాత ఏ బండినీ గీకకుండా వదల్లేదు. ఏటేటా లారీలు కొత్త రంగుకు వచ్చేవి. కిందటేడు తను రాసిన అక్షరాలను తనే గీకేవాడు. ఊళ్ళో అతని రాత ఒక్కటీ మిగల్లేదు, ఈ తలుపు మీద రాసిన యజమాని పేరు తప్ప. అది అతని మొదటి రాత. పెళ్ళయిన కొత్తలో రేచల్ దాన్ని చూడటానికి నడిచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. "గుండ్రంగా ఉన్నయి" అంది. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. ఆ పేరే ఇప్పుడు మోచేతి మీదుగా కారుతోంది.

మధ్యాహ్నానికి బాణం, రెండు ఆరు అంకెలు బయటికి వచ్చాయి. రెండో ఆరు కింద రంగు జారి ఉంది. అప్పట్లో రాసినవాడెవరో బొటనవేలితో తుడిచాడు. వేలి గీతలు తెల్లరంగులో అట్లాగే ఎండిపోయాయి.

స్ప్రే కొట్టే బాబీ వచ్చి చూశాడు. "ఏంది పెదనాయనా, ఈ వంకర ఆరు కోసమా పొద్దుటి నుంచి? నా స్టిక్కరైతే నూలు పట్టినట్టు ఉంటది."

"నీ స్టిక్కరుకు ఏలిముద్ర ఉంటదంట్రా?"

"ఏలిముద్రలకు ఇదేమన్నా రిజిస్ట్రాఫీసా?"

ఇశ్రాయేలు నవ్వలేదు. అన్నం డబ్బా తెరవలేదు. ఎడమ భుజం లాగుతుంటే కుడిచేత్తో రుద్దుకున్నాడు.

నాలుగున్నరకు చివరి అంకె బయటపడింది. ధనుంజయరావు వచ్చి వంగి చూశాడు.

"అంచులు లేచిపొయినయిగా. కొంచెం దిద్దరాదూ?"

"దిద్దితే నా రాత అయిద్దయ్యా."

ధనుంజయరావు నడుం నిటారు చేశాడు. "మాటన్నా కాబట్టి ఉంచు" అని వెళ్ళిపోయాడు.

ఇశ్రాయేలు నంబరు మీద వార్తాపత్రిక ముక్క పరిచి, చుట్టూ టేపు వేసి, అంచు పొడుగునా గోటితో నొక్కాడు.

"ఒరేయ్ బాబీ, నేను చెప్పిందాకా కాగితం పీకమాకు. రంగు పచ్చిగా ఉండగా లాగితే అంచు లేచిద్ది."

వాటర్ పేపరు సబ్బునీళ్ళలో కడిగి పట్టుకుని, వెనక చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. కంప్రెసరు మోగింది. బాబీ ముందు భాగం, తలుపులు ముగించి వెనక్కి వచ్చాడు.

"జరుగు పెదనాయనా."

చెవిటి పక్కనున్నానని కుడి పక్కకు వెళ్ళి మళ్ళీ అన్నాడు. భుజం తడితే తల పక్కకు వాలిపోయింది. బాబీ కంప్రెసరు ఆపేశాడు. ఇశ్రాయేలు చేతిలో వాటర్ పేపరు ఇంకా తడిగానే ఉంది.

శివరాత్రినాడు బండి ప్రభ ముందు నడిచింది. అదేం కాగితమని దారిలో చానామంది అడిగారు. ఒకరు టేపు అంచు పట్టుకోబోతే బాబీ చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు మీద, పచ్చరంగు చిమ్మిన ఆ వార్తాపత్రిక ముక్క, చుట్టూ గోటితో నొక్కిన టేపుతో అట్లాగే ఉంది.