అద్దాల బండిలో రెండో సీటు

చిన్నోడికి నలభై తొమ్మిదేళ్లు. తల ముప్పాతిక నెరిసింది, మోకాళ్లు మాట వినడం మానేశాయి, అయినా పిలుపు మాత్రం చిన్నోడే. అక్క పెట్టిన ముద్దుపేరు అది. పెళ్లయ్యాక అక్క నుంచి బావ అందుకున్నాడు, బావ నుంచి దుకాణానికి వచ్చే వాళ్లందరికీ అంటుకుంది. అక్క పోయి నాలుగేళ్లయింది. ఇంక అలా పిలవొద్దని ఎవరికి చెప్పాలో వాడికి తెలియదు, చెప్పే ఓపికా లేదు.

ఓపిక లేకపోవడానికి వాడి పనే కారణం. బావది అద్దాల దుకాణం. కిటికీలకూ అలమారలకూ షాపుల ముందు భాగాలకూ అద్దాలు కోసి, తీసుకెళ్లి, బిగించి రావడం. బావ బండి నడుపుతాడు, చిన్నోడు వెనక నిలబడి అద్దం పట్టుకుంటాడు. చెప్పుకోవడానికి ఇంతే. ఇరవై రెండేళ్లుగా ఎండలో వానలో, గతుకుల్లో మలుపుల్లో, మనిషెత్తు అద్దానికి భుజం ఆనించి, మోకాలు అడ్డం పెట్టి, దాని వణుకంతా తన ఒంట్లోకి తీసుకుంటూ నిలబడితే ఎలా ఉంటుందో నిలబడ్డవాడికే తెలుసు. మిగతా దుకాణాల వాళ్లు ఎప్పుడో బండ్లకి ఇనప స్టాండ్లు పెట్టించుకున్నారు. బావకు స్టాండు మీద నమ్మకం లేదు, చిన్నోడి మీద ఉంది. ఆ నమ్మకమే వాడి ఒళ్లు హూనం చేసింది.

కిందటి నెల అదీ పోయింది. ఒక బట్టల షాపుకి నిలువుటద్దం తీసుకెళ్తుంటే, మలుపులో చిన్నోడి కుడి భుజం పట్టేసింది. చెయ్యి జారింది. అద్దం నడిరోడ్డు మీద పడి పొడి పొడి అయింది. బావ బండి పక్కకు ఆపి దిగాడు. ముక్కలన్నీ వంగి ఊడ్చాడు, గోనెలో ఎత్తాడు, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చిన్నోడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. తర్వాత రెండు వారాలకే పాత బండి ఇచ్చేసి కొత్త చిన్న ట్రక్కు తెచ్చాడు బావ. తెచ్చిన రోజే, తాళం జేబులో వేసుకుంటూ, ఈసారి దీనికి స్టాండు పెట్టిద్దామన్నాడు.

అప్పట్నుంచి చిన్నోడికి కంటి మీద కునుకు లేదు. స్టాండు వస్తే ఇంక తనతో పనేముంది? కోసేది బావే, బిగించేదీ బావే. దించడానికి ఎక్కడికక్కడ ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు. పని పోతే పోయింది, ఏదో ఒక కాపలా పనైనా దొరక్కపోదు. అసలు దిగులు అది కాదు. అక్క ఉన్నన్నాళ్లూ బావ ఇంటికి వెళ్లడానికి వాడికి కారణం అక్కర్లేకపోయింది. అక్క పోయాక, బావకూ మేనకోడలికీ తనకూ మధ్య మిగిలిన చుట్టరికం ఈ అద్దాలే. పొద్దున్నే వెళ్తాడు, బండెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు, మేనకోడలు టీ ఇస్తే తాగి రెండు వీధుల అవతల ఉన్న తన గదికి పోతాడు. రేపు ఆ బండి కూడా ఎక్కనక్కర్లేదంటే, ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కుతాడు? ఆలోచించి ఆలోచించి వాడు అలసిపోయాడు. అద్దం మోసినదానికంటే ఇదే బరువుగా ఉంది.

ఇలాంటి స్థితిలో బావ వాణ్ని బండి సామాన్లు కొనడానికి వెంటబెట్టుకెళ్లాడు.

ఆ షాపు నిండా సామానే. నేల మీద మ్యాట్లు, గోడల మీద బంపర్ గార్డులు, పైకప్పు నుంచి స్టీరింగ్ కవర్లు. షాపావిడ నోరు మంచిదే కానీ దానికి బ్రేకుల్లేవు. కొత్త బండి అనగానే ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. ముందుకు ఇనప గార్డు లేకపోతే ఎవరైనా గీకేస్తారంది. పొగమంచు లైట్లు లేని బండికి కళ్లు లేనట్టేనంది. ఏడు రాగాలు పలికే హారన్ ఒకటి మోగించి చూపించింది. చిన్నోడికి తల ప్రాణం తోకకొచ్చింది. అద్దాలు మోసే బండికి సంగీతం రాకపోయినా పర్లేదులెమ్మని బావ దాన్ని పక్కన పెట్టించాడు.

బావ సంగతి చిన్నోడికి తెలుసు. అద్దం కొలవమంటే వెంట్రుకవాసి తేడా రానివ్వడు, రెండు రంగుల్లో ఒకటి ఎంచుకోమంటే మాత్రం నీళ్లు నములుతాడు. ఇంట్లో కర్టెన్ నుంచి కాళ్ల చెప్పుల దాకా అక్కే ఎంచేది. ఇప్పుడు చక్రాల వెనక వేలాడే రబ్బరు ముక్కలు నల్లవి కావాలా ఎర్రవి కావాలా అని ఆవిడ అడిగితే, బావ పాపం అటూ ఇటూ చూసి చిన్నోడి వైపు చూశాడు. చిన్నోడు నల్లవన్నాడు. ఎండకు అడ్డుపడే రేకు ఉండాలా వద్దా అంటే మళ్లీ చూశాడు. ఉండాలన్నాడు. సగం సామాను అలాగే తేలింది. తనను బండిలోంచి దింపే ముందు ఆ బండిని తన చేతే ముస్తాబు చేయిస్తున్నాడనిపించి చిన్నోడికి కోపం కూడా వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా బలం కావాలి, అందుకని అది ఎక్కువసేపు నిలవలేదు.

చివర సీటు కవర్ల దగ్గరికొచ్చారు. బావ బూడిదరంగు గుడ్డది చేత్తో తడిమి చూసి, "ఒకటి ఇవ్వండి చాలు," అన్నాడు.

ఇవి జతగానే వస్తాయి, విడిగా అమ్మేది లేదని ఆవిడంది. అలా అయితే రెండోది మీ దగ్గరే ఉంచుకోండని బావ ఒకటే తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. బల్ల మీద మిగిలిపోయిన రెండో కవరు వైపే చూశాడు చిన్నోడు. ఇంక అనుమానానికి తావు లేదు. బండిలో రెండు సీట్లు, కొన్నది ఒక్క కవరు.

అక్కడ్నుంచి వెల్డింగ్ షాపుకి వెళ్లారు. మేస్త్రి పొడగరి, నిదానస్తుడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని మాట్లాడతాడు. అద్దాల స్టాండు అంటే ఎలా కావాలి, ఏ వాలు ఉండాలి, ఎక్కడ పట్టు ఉండాలని బావను అడిగాడు. బావకు తెలియదు. ఇరవై రెండేళ్లు ముందుకు చూస్తూ బండి నడిపినవాడికి వెనక అద్దం ఎలా నిలబడిందో ఎలా తెలుస్తుంది? వీణ్ని అడుగు, వీడికి తెలుసన్నాడు.

మేస్త్రి చిన్నోణ్ని బండెక్కించి, ఒక పెద్ద అట్టముక్క చేతికిచ్చి, ఇదే అద్దమనుకో, రోడ్డు మీద ఎలా పట్టుకుంటావో అలా నిలబడమన్నాడు. చిన్నోడు నిలబడ్డాడు. ఒళ్లు దానంతటదే వంగింది. భుజం అట్ట పై మూడోవంతు దగ్గర ఆనింది, అరచెయ్యి అంచుకు వెళ్లింది, మోకాలు కింద అడ్డం పడింది. మేస్త్రి టేపు తీసి వాణ్ని కొలవడం మొదలుపెట్టాడు. భుజం ఎత్తు, మోకాలి ఎత్తు, నడుం వాలు. కదలొద్దంటూ సుద్దముక్కతో పాదాల చుట్టూ గీతలు గీశాడు. ఎక్కడ ఎక్కువ వణుకుతుందని అడిగితే, వెనక కింది మూల అని చిన్నోడు చెప్పాడు. గతుకులో కొట్టేది అక్కడే, అక్కడ రబ్బరు రెండు మడతలు వెయ్యి. మలుపులో అద్దం బయటికి కాదు, పైకి లేవబోతుంది, పైన ఒక బెల్టు ఉండాలి. మరీ బిగిస్తే పగులుతుంది, చిటికెన వేలు దూరేంత వదులు ఉంచాలి. అడిగిందీ అడగందీ అంతా చెప్పేశాడు. చెబుతుంటే వాడికే ఆశ్చర్యం, ఇంత తెలుసా తనకు అని. చెప్పడం అయిపోయాక మాత్రం, తన కొలతలతో తన బదులు ఒక ఇనప మనిషిని నిలబెట్టించుకున్నట్టయింది.

కింద నుంచి బావ మేస్త్రికి ఇంకో పని పురమాయించాడు. ముందు నా పక్క సీటు విప్పేసి, అక్కడ పనిముట్ల పెట్టె ఒకటి బిగించెయ్, ఎలాగూ ఖాళీయే కదా అన్నాడు.

చిన్నోడు అట్టముక్క కింద పెట్టాడు. బండి అంచు పట్టుకుని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దించుకుని బండి దిగాడు. ఇరవై రెండేళ్లలో బావను ఏదీ అడగనివాడు అడిగాడు.

"బావా, నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వు వెనకేగా," అన్నాడు బావ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మేస్త్రి నవ్వాపుకోలేకపోయాడు. స్టాండు బిగించాక వెనక పిల్లి కూడా దూరదండీ, మనిషెక్కడ నిలబడతాడన్నాడు. బావ బండి వెనక్కి వెళ్లి చూశాడు. సుద్ద గీతలు చూశాడు, స్టాండు వచ్చే చోటు చూశాడు, చిన్నోడి పాదాల గుర్తులు ఆ చోట్లోనే ఉండటం చూశాడు. చెయ్యి వేసే పని లేకుండా స్టాండు పట్టుకుంటే, నువ్వు ఊరికే నిలబడొచ్చనుకున్నాను, భుజానికి విశ్రాంతిగా ఉంటుందనుకున్నానని నసిగాడు. వెనక చిన్నోడు లేని బండి ఎలా ఉంటుందో ఆ మనిషి ఊహకే రాలేదు.

కానీ చిన్నోడి ఓర్పు అప్పటికే కట్టలు తెంచుకుంది. "స్టాండుంటే నాతో పనేముంది బావా? కవరు ఒకటే కొన్నావు. సీటు తీసెయ్యమంటున్నావు. రావొద్దని చెప్పడానికి మొహమాటమైతే చెప్పు, నేనే మానేస్తాను."

"పనుంటేనే వస్తావా నువ్వు?"

"పని లేకపోతే ఏమని రాను? అక్క ఉందా?"

నాలుగేళ్లలో వాళ్లిద్దరి మధ్యా అక్క అన్న మాట రావడం అదే మొదటిసారి. మేస్త్రి పెన్సిలు చెవి మీంచి తీసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికెళ్లిపోయాడు. బావ అక్కడున్న ఇనప దూలం మీద కూర్చుండిపోయాడు. ఆయనకూ అరవై దాటాయని చిన్నోడికి అప్పుడే కనిపించింది. తర్వాత బావ లేచి, లోపలికి తల పెట్టి, సీటు ఉంచెయ్ మేస్త్రీ, పెట్టె సంగతి తర్వాత చూద్దామన్నాడు.

నాలుగో రోజు పొద్దున బండి తయారైంది. ఆ రోజే ఒక బేకరీకి మూడు పెద్ద అద్దాలు వెళ్లాలి. స్టాండులో నిలబెట్టి, చిటికెన వేలు దూర్చి చూసి, బెల్టు బిగించారు. చిన్నోడు అలవాటుగా వెనక్కి కాలు వేయబోయి, ఆగి, చుట్టూ తిరిగి ముందు తలుపు తీశాడు. సీటు మెత్తగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల అలసట ఒక్కసారిగా కాళ్లలోంచి పైకి ఎక్కుతున్నట్టుంది, కళ్లు మూసుకుంటే సాయంత్రం దాకా లేవననిపించింది.

బండి నత్తనడక నడుస్తోంది. సైకిళ్లు కూడా దాటిపోతున్నాయి. గతుకు వస్తే బావ ఊపిరి బిగపట్టి దాటిస్తున్నాడు, క్షణానికోసారి పక్క అద్దంలోకి తొంగి చూస్తున్నాడు. అద్దాలు బాగానే ఉన్నాయి బావా, నేను చెప్పినట్టే చేశాడు మేస్త్రి, ఏం భయం లేదన్నాడు చిన్నోడు. బావ తల ఊపాడు కానీ వేగం పెంచలేదు.

ఎర్ర లైటు పడితే బండి ఆగింది. బావ స్టీరింగు వదిలి అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు పక్క అద్దంలోకి చూసినా నీ మొహం కనిపించేది," అన్నాడు. "మీ అక్క పోయిన వారం రోజులకి మళ్లీ బండి తీశానే, ఎలా నడిపాననుకున్నావ్? నిన్ను చూసుకుంటూ నడిపాను. ఇప్పుడు చూస్తే ఇనుము ఉంది. ఏదైనా మాట్లాడరా."

ఏం మాట్లాడను అన్నాడు చిన్నోడు.

"మీ అక్క గురించి మాట్లాడు. ఇంట్లో ఆ మాట నేనెత్తితే పిల్ల ఏడుస్తుంది. అందుకని నాలుగేళ్లుగా ఎత్తడం లేదు."

పచ్చ లైటు పడింది. వెనక బండ్లవాళ్లు హారన్లు మోగించారు, ఒకడు తల బయట పెట్టి అరిచాడు. చిన్నోడు అక్క కబుర్లు మొదలుపెట్టేదాకా బావ బండి కదపలేదు.