వారానికి ఒక్క పొద్దు

ఆ రోజు మా అత్తమ్మ ముందు పెట్టిన మైసూర్ పాకు సాయంత్రం దాకా అలాగే ఉంది. చీమలు పట్టాయి. నేను ఆ పళ్ళెం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

మా అత్తమ్మ పేరు కాంతమ్మాళ్. వయసు అరవై ఆరు. మదురైలో ఒక తెలుగింట పుట్టి, అదే తమిళనాట తుడియలూరులో పంపుసెట్ల విడిభాగాలు అమ్మే ఇంటికి కోడలుగా వచ్చింది. కింద అంగడి, దాని వెనక వంటగది, పైన పడకగదులు. ముప్పై ఏళ్ళు ఆమే అంగడిలో కూర్చుంది. వాషరు కొలత కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేది. రెండేళ్ళ క్రితం ఒక రోజు మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఆ తరువాత మోకాళ్ళు దిగనివ్వలేదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే మా ఆయన రఘురామన్, ఇంకొకరూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి దించాలి.

తీపి కనబడితే ఆమె ఆగలేకపోయేది. "కాంతమ్మాళ్ నాలికకు గొళ్ళెం లేదు" అని చుట్టాలు ఆమె ముందే నవ్వేవారు. నేను నవ్వలేదు గానీ, ఎవరిచేతైనా చాటుగా పిండివంటలు చేయించుకుంటుందేమోనని నూనె డబ్బా మీద గీత పెట్టి చూసేదాన్ని. నవ్వడం కంటే అదే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎముకల డాక్టరు కల్యాణసుందరం రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. కానీ తొంభై నాలుగు కిలోల బరువుతో ఆపరేషన్ చేయనన్నాడు. ఎనభైకి రావాలి. ఆయన పంపితే షుగర్ డాక్టరమ్మ చూసి, పొట్ట మీద వేసుకునే పెప్టైడ్ సూది రాసింది.

కాలేజీలో నేను చదివింది కెమిస్ట్రీ. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇప్పుడు ఆ దండ మా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, పెన్నులాంటి సూదిలో ఉంది. ముప్పై చిల్లర పూసలు. భోజనం కాగానే పేగు తనంతట తాను ‘ఇక చాలు’ అని పంపే కబురుకు ఇది నకలు. అసలు కబురు నిమిషాల్లో కరిగిపోతుంది; ఈ నకలు వారం నిలుస్తుంది. పెన్నును వెలుతురుకు ఎత్తి చూశాను. లోపల ఉన్నది నీళ్ళలా తేటగా ఉంది.

తమిళుల చిత్తిరై నెలలో, ఏప్రిల్‌లో, ఒక శనివారం పొద్దున మొదటి సూది.

"ఈ జాతి మందులకు దారి చూపింది ఒక బల్లి, అత్తమ్మా," అన్నాను మూత తీస్తూ. "ఎడారిలో ఉండే పెద్ద బల్లి. దాని ఉమ్మిలో దొరికిన సరుకును చూసి మొదటి మందు చేసినారు."

"బల్లి ఊసిందా?"

"అట్లనే అనుకోండి."

"బల్లి ఊసి, అదే ఊసి అయిపాయెనా." తమిళంలో ఊసి అంటే సూది. తన మాటకు తానే పొట్ట కదిలేలా నవ్వింది.

"కదలొద్దండి."

"కాంచీపురంలో బంగారు బల్లిని తాకితిని గదా, నీ మామ కూడా ఉండిరి. దాని పుణ్యం ఇప్పుడు వస్తుండాది. సరి, గుచ్చు. ఎట్ల దీని లెక్క?"

"వారానికి ఒక్క పొద్దు," అన్నాను.

ఆమె నవ్వు ఆపి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. సూదికి భయపడిందనుకున్నాను.

నాలుగో వారంలో మైసూర్ పాకుకు చీమలు పట్టాయి. పళ్ళెం పట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను.

"తినాలని లేదా, అత్తమ్మా?"

"ఉంటే తింటా గదా." మా వైపు అమ్మాయిని పిలిచినట్టు ఆమె నన్ను అమ్మిణి అనేది. "నేను చిన్నపిల్లగా ఉండంగ మా ఇంటి పక్కన మిల్లు, అమ్మిణి. ఎప్పుడూ మోటర్లు తిరుగుతుండును. పుట్టినప్పటి నుంచీ వింటే అది సద్దని కూడా తెలీదు. ఒకనాడు కరెంటు పాయె. అప్పుడు తెలిసె, ఇంతకాలం సద్దుండెనని. నా కడుపు ఇప్పుడు అట్ల గమ్మునుండాది."

నేను పళ్ళెం అంచు మీది చీమలను దులిపాను.

"అయితే ఇన్నేండ్లూ అది నా నాలిక కాదా?" అంది నెమ్మదిగా. "మోటరా?"

అరవై ఏళ్ళుగా ఒక మనిషిని లోపల నుంచి పిలుస్తున్నదేదో, కంటికి కనబడని ముప్పై చిల్లర పూసలకు లోబడి నోరు మూసుకుంది. ఊరంతా గుణమని అన్నది గుణం కాదు. వంటగదిలోకి వెళ్ళి నూనె డబ్బా మీది గీతను తడిగుడ్డతో తుడిచేశాను.

ప్రతి శనివారం బరువు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. తొంభై ఒకటి. ఎనభై ఎనిమిదిన్నర. ఎన్నడూ ఊడని ఉంగరం స్నానంలో జారి కాలువ జాలీ మీద పడింది. ఒక పొద్దున కూర్చున్న చోటి నుంచే తన కాలివేళ్ళు తనకు కనబడ్డాయని, కింద ఉన్న నన్ను కేకేసి పైకి పిలిచింది. ఇద్దరం కలిసి ఆ పది వేళ్ళనూ చూశాం.

తిండి విషయంలో నేను ఏ లోపమూ చేయలేదు. పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ పనిమనిషి పొన్నమ్మాళ్ డబ్బాలో పైకి తీసుకెళ్ళేది, ఎందుకంటే ఆ వేళల్లో నేను అంగడిలో ఉండాలి. డబ్బాలు ఖాళీగా, కడిగి తిరిగొచ్చేవి. రాత్రి భోజనం నేనే తీసుకెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. రెండు ఇడ్లీలు తిని, చాలు అనడానికి తమిళంలో "పోదుం" అనేది. మూడు పూటలు తిన్న కడుపు కదా, చాలు అనుకునేదాన్ని.

ఆడి నెల చివరికి, ఆగస్టు నడుమ, సరిగ్గా ఎనభై.

ఆసుపత్రిలో చెప్పుల్లేకుండా ఒక పలక మీద నిలబెట్టి, రెండు పిడులు పట్టుకోమన్నారు. ఒంట్లో కొవ్వెంత, కండెంత అని యంత్రం కాగితం మీద అచ్చు వేసి ఇచ్చింది. కల్యాణసుందరం దాన్ని చిత్తిరైలో తీసిన కాగితం పక్కన పెట్టి చూశాడు. తగ్గిన పద్నాలుగు కిలోల్లో కొవ్వు ఎనిమిదే. మిగతా ఆరూ చాలావరకు కండ.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నాడు. అత్తమ్మ ముందుకు వంగింది. లేవలేకపోయింది. మూడు సార్లు ప్రయత్నించి, నా వైపు చూసి, సిగ్గుపడి నవ్వింది.

ఆయన తమిళంలో మెల్లగానే చెప్పాడు. మోకాలు నేను పెడతాను. దాన్ని ఎత్తాల్సింది తొడ. ఈ తొడలతో ఆపరేషన్ చేస్తే మంచం దిగరు. పది వారాలు చూద్దాం. అప్పటికీ కండ తగ్గుతుంటే సూదీ ఆపాలి, ఆపరేషన్ సంగతీ మరిచిపోవాలి. తరువాత నన్ను అడిగాడు: ఈవిడ అసలు తింటున్నారా?

మూడు పూటలా తింటున్నారన్నాను. వండేది నేనే, పంపేది నేనే అన్నాను. నా గొంతు కొంచెం పెరిగింది.

మర్నాడు పొద్దున అంగడి మా ఆయనకు వదిలి, పొన్నమ్మాళ్ వెనకే పైకి వెళ్ళాను. డబ్బా తెరిచి ఉంది. పొన్నమ్మాళ్ కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ తింటోంది. అత్తమ్మ మంచం మీద నుంచి ఆమెకు చెబుతోంది: "ఒసే, చట్నీ మిగల్చకు. అమ్మిణి చేసింది, బాధపడును."

పొన్నమ్మాళ్ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. "నేను అడగలేదక్కా. పెద్దమ్మే తినమనిరి."

"అది తింటే ఏమి?" అంది అత్తమ్మ. "దానికని పంపేది నువ్వే గదా."

"మీకని పంపేది, అత్తమ్మా."

"నాకా? నేను ఒక్కపొద్దులో ఉండాను గదా."

"ఎవరు ఉండమన్నారు?"

"నువ్వే." ఆమె నన్ను వింతగా చూసింది. "ఊసి వేసిన నాడే చెప్తివి, వారానికి ఒక్కపొద్దని. ఒక ఊసికి వారం పత్తియం. దీపం పెట్టినంక ఒక్క కూడు. నాలుగు నెలలు. ఒకనాడైనా తప్పితినా?"

నేను కిటికీ పక్కనున్న డబ్బాను చూపించాను.

"మరి ఈ డబ్బా..."

"ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఇంకొకరికి పెట్టాలని మా అమ్మ చెప్పును. నీకూ తెలిసుండాది, మంచి బుద్ధి అనుకుంటి."

"నాకు మూడు కిలోలు ఎక్కెనక్కా," అంది పొన్నమ్మాళ్ నేల చూస్తూ.

మా పుట్టిల్లు కినత్తుకడవు అనే ఊరు. అక్కడ మా ఇంట్లో పొద్దు అంటే వట్టి పూట, ఒక తడవ. మూడు పొద్దులు తిను అంటాం, రెండు పొద్దులు మాత్ర వేసుకో అంటాం. ఉపవాసానికి తమిళ మాట విరదమే వాడతాం. మదురైలో ఆమె పుట్టింట్లో ఒక్కపొద్దు అంటే ఒక్క పూట తిని ఉండే వ్రతం. ఎన్ని వందల ఏళ్ళ కిందటో ఒకే చోటు నుంచి బయలుదేరిన మాట రెండు ఊళ్ళలో రెండు సంసారాలు పెట్టుకుంది. నేను సూది లెక్క చెప్పాను. ఆమె వ్రతం పట్టింది. మందు ఆకలిని తీసేసింది గనుక ఒళ్ళు ఒక్కనాడూ మొరపెట్టలేదు. మొరపెట్టకుండానే తన కండను తాను కరిగించుకుంది. అరకిలో కూడా వదలకుండా బరువు రాసుకున్న నేను ఒక మాటను తూచలేదు.

షుగర్ డాక్టరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మోతాదు పెంచకుండా ఉంచి, పప్పు, పెరుగు, పనీరు, గుడ్డు ఎంతెంత పెట్టాలో చెప్పింది. తినిపించడం మొదలుపెట్టాను. అది మానిపించడం కంటే కష్టమైంది. సగం గిన్నెకే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "దిగలేదు, అమ్మిణి. గొంతులోనే నిలిచుండాది." పది వారాల్లో నాలుగు అలాగే పోయాయి.

సెప్టెంబరులో, పురట్టాసి నెల పుట్టేముందు రోజు ఆమె నన్ను పిలిచింది. పెరుమాళ్ నెల, అంటే విష్ణుమూర్తిది. ఆమె పెళ్ళయినప్పటి నుంచీ ఆ శనివారాల ఉపవాసం తప్పలేదు. నేను ముందే, "ఈ ఏడు వద్దు, అత్తమ్మా," అన్నాను.

"ఉండు. నేను చెప్పేది విను." మంచం అంచున కూర్చుని వుంది. "ఆకలి ఉండి మానితే అది ఇచ్చేది. ఆకలే లేనిదాన్ని, నేను మానేది ఏమి గొప్ప? పెరుమాళును ఏమార్చేదే. ఏది కష్టమో అదే గదా దేవునికి ఇయ్యాల. నాకిప్పుడు తినేది కష్టం."

"అంటే?"

"మీ ఊరి పొద్దులు మూడూ తింటా. నెలంతా. గుడ్డు మాత్రం వద్దు, పురట్టాసి ముగిసినంక చూస్తాం."

మర్నాటి నుంచి ఆమె వ్రతం పట్టినట్టే తింది. తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, ఉడికించి తాలింపు వేసిన శెనగ సుండల్‌ను ఒక్కొక్క గింజగా నమిలేది. మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. గిన్నె ఖాళీ కావడానికి గంట పట్టేది. పొన్నమ్మాళ్ పక్కన కూర్చుని, "ఇంక పది గింజలే, పెద్దమ్మా," అని లెక్కబెట్టేది. "నువ్వు చూడకు, దిష్టి తగులును," అనేది అత్తమ్మ.

ఫిజియోథెరపీ చేయించే కార్తీక వారానికి రెండు రోజులు వచ్చి కాలు ఎత్తడం నేర్పింది. బరువు కట్టడానికి అంగడి నుంచి, పంపు పైపు అడుగున బిగించే ఇత్తడి ఫుట్ వాల్వు తెచ్చి గుడ్డసంచిలో వేసి చీలమండకు కట్టాం. పడుకుని, కాలు చాపి, పది సార్లు పైకి. కండ పని చేస్తోందో లేదో తెలియడానికి తొడ మీద చెయ్యి వేసి చూడమని కార్తీక నాకు చెప్పింది. మొదట్లో నా చేతికి ఏమీ తెలిసేది కాదు. మెత్తగా, దిండు మీద వేసినట్టుండేది.

పది వారాలు నిండాక, ఐప్పసి నెలలో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. పలక, పిడులు, కాగితం. డెబ్భై తొమ్మిదిన్నర కిలోలు. కొవ్వు ఇంకా తగ్గింది. కండ ఒకటిన్నర కిలో పెరిగింది. కల్యాణసుందరం కాగితాన్ని పక్కన పెట్టి, ఎదుటి కుర్చీ చూపించాడు.

అత్తమ్మ కూర్చుంది. నేను పక్కన గొంతుకూర్చుని, అలవాటు కొద్దీ ఆమె తొడ మీద చెయ్యి వేశాను. ఆమె చేతులు కట్టుకుంది. ఊపిరి పీల్చి ముందుకు వంగింది.

చీర కింద, నా అరచేతి కింద, ఏదో బిగుసుకుంది. అది మోకాలి దగ్గర మొదలై పైకి పాకి, గట్టిపడి, నా వేళ్ళను ఎత్తింది. శెనగలు, పెసరపప్పు, పెరుగు. గంటసేపు నమిలి మింగిన ఒక్కొక్క గింజ. కళ్ళెదుట జరిగినా నమ్మశక్యం కాని పని ఆ ఒంట్లో జరిగింది.

"అమ్మిణి," అంది ఆమె పైనుంచి, "చెయ్యి తియ్యి. లేస్తుండాను."

తీశాను. ఆమె లేచింది. కూర్చుని మళ్ళీ లేచింది. నాలుగోసారి డాక్టరు చాలన్నాడు. ఆమె వినకుండా ఐదోసారి కూడా లేచి, అలాగే నిలబడి, ఆయన ఆపరేషన్ తేదీ కోసం క్యాలెండరు తిప్పుతుంటే ఆ వేలి వైపే చూస్తూ ఉంది.