నిండు తొమ్మిది

నా సేఫ్టీ ప్లాను పదకొండు పేజీలు. వానకి తడవకుండా ప్రతి పేజీకీ ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించాను. నైరోబీ దగ్గరి న్గోంగ్ కొండలెక్కే ముందురోజు దాన్ని తీసుకెళ్లి వంజుగు షోషో ఒళ్లో పెట్టాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని పేజీలన్నీ తిప్పింది.

"ఇందులో పిల్లల్ని ఎన్నిసార్లు లెక్కపెడతావే?"

"అరగంటకోసారి, షోషో. ఆగిన ప్రతిచోటా. ఇదిగో, గడులు కూడా గీశాను."

"మేకల్నే లెక్కపెట్టం మనం. పిల్లల్ని లెక్కపెడతావా?"

షోషో అంటే నానమ్మ. ఆవిడ నాకు చుట్టం కాదు, కానీ మా గర్ల్ గైడ్స్ దళం మొత్తానికీ షోషోనే. ముప్పై ఏళ్లుగా ఆడపిల్లల్ని కొండలెక్కిస్తోంది. వేలు చూపించి ఒకటీ రెండూ అంటే పిల్లలకి కీడని ఆవిడ నమ్మకం. పది అనే మాటైతే నోటికే రానివ్వదు. మా దళంలో పదిమంది అమ్మాయిలు, ఆవిడ లెక్కలో వాళ్లు "నిండు తొమ్మిది". నేనేమో నైరోబీలో చదువుకుని, మూడు రోజుల శిక్షణ ముగించి, ఆ సర్టిఫికెట్టు సిరా ఆరకముందే ఆవిడకి సహాయకురాలిగా చేరినదాన్ని!

ఏడో పేజీ దగ్గర ఆవిడకి నవ్వాగలేదు. "దారిలో కనపడ్డ దళాల నాయకుల ఫోన్ నంబర్లన్నీ రాసుకుంటావా? పెళ్లి సంబంధాలు చూసుకుంటున్నావా ఏంటి, వైరూరీ?"

నాకు రోషం వచ్చింది. ఆ పేజీ నాకు అన్నిటికంటే ఇష్టం.

పొద్దున్నే వ్యాను దగ్గరికి న్యగుథీ వాళ్లమ్మ ఇన్‌హేలర్ పట్టుకుని వచ్చింది. న్యగుథీకి పదేళ్లు, ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, ఊపిరి బిగుసుకుపోతుంది.

"దారం కట్టి దాని మెడలో వెయ్యవే," అంది షోషో.

"మందులన్నీ నాయకురాలి పెట్టెలోనే ఉండాలి, నాలుగో పేజీ. పిల్లలు పారేసుకుంటారు షోషో." ఇన్‌హేలర్‌ని నా పెట్టెలో వేసి తాళం పెట్టి, వాళ్లమ్మ చేయి పట్టుకున్నాను. "భయపడకండి. లెక్కపెట్టుకుని తీసుకెళ్తాను, లెక్కపెట్టుకుని తెచ్చి మీకు అప్పజెప్తాను."

ఆ మాటకి వాళ్లమ్మా, షోషో ఒక్కసారే తల తిప్పుకున్నారు.

రెండు శిఖరాలు ఎండలో హాయిగా ఎక్కేశాం. మూడోదాని మీద గాలిమరల దగ్గరికి చేరేసరికి మంచు కమ్మేసింది, దాని వెనకే చినుకులు. గాలిమర రెక్కలు నెత్తిమీద హోరుమంటూ తిరుగుతున్నాయి, వినిపిస్తున్నాయి కానీ కనిపించట్లేదు. మా పిల్లలందరూ గేటు దగ్గర అమ్మే నీలం రెయిన్‌కోట్లు తొడుక్కున్నారు. అక్కడే గోడ చాటున తలదాచుకున్న ఇంకో బడి పిల్లలవీ అవే నీలం రెయిన్‌కోట్లు. వాళ్ల టీచర్ ఒటియెనో గారి నంబరు రాసుకున్నాను. షోషో నన్ను చూసి కన్ను గీటింది. పిల్లలు చపాతీలు పంచుకున్నారు, కలగాపులగంగా కూర్చున్నారు. చినుకులు తగ్గగానే వాళ్లు కిందికి, మేం పైకి.

నాలుగో శిఖరం మీద ఆపి లెక్కపెట్టాను. పది. గడిలో టిక్కు పెట్టాను.

"ఇప్పుడు పాడదాం," అంది షోషో.

"లెక్క సరిపోయింది షోషో! మళ్లీ వానొచ్చేలా ఉంది, నడుద్దాం."

"నీ లెక్క నువ్వు పెట్టుకున్నావు. నా పాట నన్ను పాడుకోనీ."

ఆవిడ పాట ఎప్పుడూ ఒక్కటే. ముందున్న అమ్మాయి వెనకున్న అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తుంది, ఆమె "ఉన్నాను, అన్నం తిన్నాను" అని పాడి తన వెనకామెని పిలుస్తుంది. పాట వరస వెంట గలగలా పాకుతూ వెళ్లింది. వంగేచి తన వంతు పాడి, వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

"న్యగుథీ, న్యగుథీ, ఉన్నావా?"

జవాబు లేదు. నీలం టోపీ కింద నుంచి ఎవరో సన్నగా అన్నారు. "నేను చెముతాయ్."

"చెముతాయ్ ఎవరే?" అని అరిచాను.

"ఆ బడి పిల్లని. దారిలోనే తెలిసింది అక్కా, చెప్తే తిడతారని చెప్పలేదు. చపాతీ కూడా ఇచ్చారు కదా."

అంటే న్యగుథీ వాళ్లతో కిందికి వెళ్లిపోయింది. దాని ఇన్‌హేలర్ నా భుజాన వేలాడే పెట్టెలోనే ఉంది. టిక్కు పెట్టిన కాగితం మీద చినుకులు జారుతున్నాయి.

"ఏడుపు తర్వాత," అంది షోషో. "ఆ పెళ్లికొడుక్కి ఫోన్ చెయ్యి."

చేశాను. ఒటియెనో గారు ధీమాగా చెప్పారు. "మా వాళ్లు ఇరవైమంది, సరిగ్గా ఉన్నారమ్మా. ఇప్పుడే లెక్కపెట్టాను."

"నేనూ లెక్కపెట్టాను సర్! న్యగుథీ అని పిలవండి. గట్టిగా!"

ఆయన గొంతు మంచులోకి వెళ్లడం ఫోన్లో వినిపించింది. తర్వాత దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు.

"ఇక్కడే ఉంది. ఊపిరాడట్లేదమ్మా పిల్లకి."

"కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు! నడిపించొద్దు! వస్తున్నా!"

షోషో చెముతాయ్ చేతిని నా చేతిలో పెట్టింది. "దారి తప్పకు. మేం పాట ఆపం, తిరిగొచ్చేటప్పుడు దాన్ని పట్టుకుని రా."

ఇద్దరం దిగాం. పరుగెత్తామని చెప్పను, సగం జారాం. గాలిమరలు దాటాక చెముతాయ్ "టీచర్!" అని కేక పెట్టింది, కింద నుంచి జవాబొచ్చింది. న్యగుథీ ఒక బండమీద ఒటియెనో గారి కోటులో కూర్చుని ఉంది. పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తడి చేతుల్లోంచి తాళంచెవి రెండుసార్లు జారింది. ఎందుకు పెట్టానో ఆ తాళం!

ఒక పీల్పు. ఆగి, ఇంకోటి. నేను దాని ఊపిరినే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి దాని భుజాలు కిందికి దిగాయి.

"అక్కా," అంది గుసగుసగా, "ముందు నడుస్తున్నది వంగేచి అనుకున్నా. ఎంతకీ వాగదేంటా అనుకున్నా."

నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. నా బూటు లేసు పీకి, ఇన్‌హేలర్‌కి కట్టి, దాని మెడలో వేశాను. మళ్లీ ఎక్కించే ధైర్యం చెయ్యలేదు. షోషోకి ఫోన్ చేస్తే తనే పిల్లల్ని తీసుకుని దిగుతానంది. మంచులోంచి ముందు పాట వచ్చింది, తర్వాత నీలం రెయిన్‌కోట్లు వచ్చాయి.

గేటు దగ్గర వ్యాను ఎక్కేముందు అలవాటుగా నా వేలు పైకి లేచింది. షోషో ఆ వేలు పట్టుకుని కిందికి దించింది. తనే పాట ఎత్తుకుంది. వంగేచి పిలిచింది. న్యగుథీ బొంగురు గొంతుతో "ఉన్నాను, అన్నం తిన్నాను" అంది. వాళ్లమ్మకి ఇవన్నీ నేనే చెప్పాలి, తాళం సంగతితో సహా. అప్పటికే మనసులో మాటలు వెతుక్కుంటున్నాను.

నిండు తొమ్మిది పేర్లూ పూర్తయ్యాయి. పాట మాత్రం ఆగలేదు.

"వైరూరీ, వైరూరీ, ఉన్నావా?" అని పిలిచింది షోషో.

లేసు లేని బూటు ఈడ్చుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ వ్యాను వెనక నిలబడ్డాను.

"ఏమే, ఉన్నావా లేదా? ఈ పిల్ల లేకుండా నేను బండెక్కను."

"ఉన్నాను షోషో," అన్నాను. "అన్నమే తినలేదు."

ఆవిడ తన సంచిలోంచి చిలగడదుంప తీసి నా చేతిలో పెట్టింది.