టీ ఇచ్చిన శ్రీమతికి ధన్యవాదాలు

ప్రకృతి సంఘం వాళ్లు అచ్చు వేసిన చిన్న పుస్తకం తపాలాలో వచ్చిన రోజున, పిన్ని దాన్ని వంటగది గట్టు మీద పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. వాళ్ల నిమ్మతోట గురించి నాలుగు పేజీలున్నాయి. మూడో పేజీలో బాబాయి ఫొటో. ఖాళీ దీపం బకెట్ పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. కింద ‘రిటైర్డ్ బస్సు డ్రైవరు పదకొండేళ్ల పట్టుదల’ అని పెద్ద అక్షరాలు. నాలుగో పేజీ అడుగున మాత్రం, ‘సందర్శకులకు టీ ఇచ్చిన వారి శ్రీమతికి ధన్యవాదాలు’ అని ఉంది.

పిన్నికి ఒళ్లు మండిపోయింది.

చుట్టుపక్కల అందరికీ ఆమె పిన్ని, ఆయన బాబాయి. బకెట్ మాత్రం ఆమె ఒక్కదానిదే. మూతకు చిల్లి చేసి గరాటు బిగించిందీ, పైన బల్బు పెట్టిందీ, లోపల గుడ్ల అట్టలు పేర్చిందీ ఆమే. సీతాకోకచిలుకలకు చుట్టాలైన దీపం పురుగులు రాత్రిపూట వెలుగుకు వచ్చి, గరాటులోంచి జారి, అట్టల గుంటల్లో నిద్రపోయేవి. వేసవి పొడుగునా ఆమె తెల్లారగానే ఒక్కో అట్టా ఎత్తి, ఏది ఏ రకమో చూసి, రాసుకుని, ఎండ ముదరకముందే పొదల నీడలో వదిలేది. అలా మూడు వందల పన్నెండు రకాలు పోగయ్యాయి. ఈ పదకొండేళ్లూ బాబాయి బకెట్‌కు పదడుగుల ఇవతలే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లు కొండదారుల్లో బస్సు నడిపిన మనిషికి, పురుగు రెక్క తగిలితే చాలు, పైప్రాణాలు పైనే పోయేవి.

“మీరే చెప్పారా వాళ్లకి, ఇదంతా మీ పనని?” అని అడిగింది.

బాబాయి చొక్కా గుండీ సవరించుకున్నాడు. “నేనేం చెప్పలేదు. తోట ఎవరిదన్నారు, నాదన్నాను. మిగతాది వాళ్లే అనుకున్నారు.”

“వాళ్లు అనుకుంటుంటే మీరు ఫొటోకి నిలబడ్డారు.”

బాబాయి చెప్పులు వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

పిన్ని సంఘం కార్యదర్శికి ఫోన్ చేసింది. ఆయన తియ్యగా నవ్వి, ఇంట్లో ఎవరు చేసినా ఒకటే కదా అన్నాడు.

“ఒకటే అయితే మీ సంఘం పుస్తకం మీ ఆవిడ పేరుతో వెయ్యండి” అంది పిన్ని.

ఆయన గబగబా మాట మార్చాడు. ఆదివారం పన్నెండు మంది తోట చూడడానికి వస్తున్నారనీ, బాబాయి స్వహస్తాలతో బకెట్ తెరిస్తే చూడాలని ముచ్చటపడుతున్నారనీ చెప్పాడు. అలాగే తెరుస్తారులెండి అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

ఇందులో పురుగుల తప్పేమీ లేదు కాబట్టి, శనివారం సాయంత్రం బకెట్ మామూలుగానే పెట్టింది. పొద్దున్నే చిన్న పార తీసుకుని వెళ్లి నిమ్మచెట్లకు పాదులు చెయ్యసాగింది. అతిథులు బకెట్ చుట్టూ చేరారు. బాబాయి రెండు వేళ్లతో మూత ఎత్తాడు. మొదటి అట్ట మీదే అరచేతిలో సగం ఉన్న ఆకుపచ్చ పురుగు కూర్చుని ఉంది. ఒక లేడీ డాక్టరు ముందుకు వంగి, దీని గొంగళిపురుగు ఏం తింటుందండీ అని అడిగింది.

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని తలెత్తలేదు. ఈలోగా పురుగు ఎగరడానికి రెక్కలు వణికించింది. బాబాయి అమాంతం వెనక్కి దూకి కార్యదర్శి కాలు తొక్కాడు.

“నాకు తెలీదండీ” అన్నాడు చివరికి. “ఇదంతా మా ఆవిడ పని. నేను వీటిని ముట్టుకోను కూడా.”

కార్యదర్శి ఆకాశంలో పిట్టల్ని వెతుక్కున్నాడు. పిన్ని ఇంకాసేపు అలాగే ఉండేదే కానీ, ఎండ అట్టల మీదికి వస్తోంది. చేతులు తుడుచుకుని వచ్చి, పురుగు ముందు వేలు పెట్టింది. అది మెల్లగా ఎక్కింది.

“గన్నేరు ఆకు తింటుంది. అందుకే కంచె పక్క గన్నేరు కొట్టనివ్వను” అంది.

అన్ని అట్టలూ చూపించేసరికి గంట పట్టింది. వెళ్లేముందు కార్యదర్శి, ఈసారి ‘తోట దంపతుల కృషి’ అని మార్చి వేస్తామన్నాడు.

“దంపతులం ముప్పై నాలుగేళ్ల నుంచీ. ఈ పని మాత్రం నా ఒక్కదానిదే” అంది పిన్ని.

డాక్టరు ఊరుకోలేదు. ఆ మాట అక్కడికక్కడే కార్యదర్శి చేత కాగితం మీద రాయించి, పైకి చదివించి మరీ కారెక్కింది.

అందరూ వెళ్లాక, నలుగురిలో ఒప్పుకున్నాను కదా అన్నాడు బాబాయి.

“ఇరుక్కున్నాక ఒప్పుకున్నారు. ఫొటో తీసిన రోజు చెప్పుంటే చెప్పినట్టు.”

రెండు రోజులు అవసరానికి తప్ప ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున ఆమె వెళ్లేసరికి బాబాయి వంటింటి పట్టకారుతో బకెట్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

“దాంతో పడితే రెక్కలు విరుగుతాయి. చెయ్యి పెట్టండి.”

నిద్రపోతున్న గోధుమరంగు పురుగు దాకా ఆయన చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. పట్టకారు కింద పెట్టి, “అట్ట నేను పట్టుకుంటాను. పురుగు నువ్వు తియ్యి” అన్నాడు.

పిన్ని కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. అయినా అట్ట ఆయన చేతుల్లో పెట్టి, వణక్కుండా పట్టుకోమంది.