పీతాంబరానికి పద్నాలుగు నోళ్ళు

నేను ఒక స్కూటర్ అద్దాన్ని, ఎడమవైపుది. నా పుట్టుక సంగతి తరవాత చెబుతాను, ముందు ఒక మనిషి పేరు చెప్పనివ్వండి. తాడంకి ఫణీంద్ర. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట, 'గారూ' అనకుండా ఎవరినీ పిలవని మర్యాద. నా యజమాని నూకరాజు దగ్గర అతను తీసుకున్నదాన్ని దొంగతనం అనడానికి వీల్లేదట. కాయితం ఉందట. ఉండనీండి. నాలో ఏ కాయితమైనా తిరగబడే కనిపిస్తుంది. మనుషులు మాత్రం ఉన్నట్టే కనిపిస్తారు.

నన్ను బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో చేశారు. గాజుపలక వెనక పూత పూసి, నల్లటి ప్లాస్టిక్ చిప్పలో బిగించి, ఇనుపకాడ తగిలించి బజారుకి పంపారు. మొదట నన్ను బిగించుకున్నాయన బీమా ఏజెంటు. వెనక వచ్చే బండ్లని చూసుకోవడానికి నన్ను పెడితే ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు, జుట్టు చూసుకున్నాడు. ఎవరి గుమ్మం ముందు బండి ఆపినా నాలోకి వంగి, పాపిడి సర్దుకుని, వాళ్ళ చావు గురించి మాట్లాడడానికి లోపలికి వెళ్ళేవాడు. ఒకనాడు వెనకనించి ఆటో వచ్చి తగిలింది. ఆయనకి మోచెయ్యి గీరుకుంది, బండి ఎందుకూ పనికిరాకుండా పోయింది. నేను పాత విడిభాగాలు అమ్మే కొట్టుకి చేరాను.

అక్కడికి వచ్చాడు నూకరాజు. ఏ బండికని కొట్టువాడు అడిగితే "నా మొహానికి" అన్నాడు. కొట్టువాడు నవ్వలేదు, ధర కూడా తగ్గించలేదు.

నూకరాజుది తుని. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసుకుంటూ బతికి, ఇరవై ఏళ్ళ వయసులో హైదరాబాదు వచ్చాడు. టీవీకి పిల్లల బొమ్మల కార్యక్రమాలు చేసే స్టూడియోలో కూర్చున్నాడు. ఒకరు మొదటి బొమ్మా చివరి బొమ్మా గీసి ఇస్తే, ఆ రెంటి మధ్యా వచ్చే బొమ్మలన్నీ గీయడం అతని పని. ఒక పీత చెయ్యి ఎత్తి దించాలంటే పన్నెండు బొమ్మలు. మొదటిదీ చివరిదీ గీసినవాడి పేరు తెర మీద పడుతుంది, మధ్యలో గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. కొన్నేళ్ళకి పాత్రని నోరు విప్పించే పని అతనికి ఇచ్చారు. అందుకే నన్ను కొన్నాడు. బల్ల అంచున ఒక మేకు కొట్టి, నా కాడని దానికి తీగతో బిగించి, తన నోటికి ఎదురుగా వంచుకున్నాడు.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. బొమ్మలకి ముందు గొంతు రికార్డు చేస్తారు. తరవాత ఆ మాటల్ని ముక్కలు చేసి, ఏ అక్షరం ఎన్ని బొమ్మల సేపు పలికిందో గళ్ళ కాయితం మీద రాసుకుంటారు. దాన్ని షీటు అంటారు. గీసేవాడు ఆ మాటనే అద్దంలో చూస్తూ నెమ్మదిగా అంటూ, తన నోరు ఎలా తెరుచుకుంటే బొమ్మ నోరు అలా గీస్తాడు. బయటి స్టూడియోలు ఎనిమిది నోళ్ళతో సరిపెడతాయి. నూకరాజు పద్నాలుగు గీశాడు. 'ప'కీ 'మ'కీ ఒకటే మూసిన నోరు చాలంటే ఒప్పుకోలేదు, 'మ'కి పెదవులు కాస్త లోపలికి పోతాయని నా ముందు వందసార్లు అని చూసుకున్నాడు. 'ళ'కి నాలుక మడత పడాలి, ఆ మడత కింద చిన్న నీడ ఉండాలి. ఆ నోటిని నేను చూసినంత దగ్గరగా అతని భార్య లోవ కూడా చూసి ఉండదు.

ఆ పాత్ర పేరు పీతాంబరం. బస్టాండులో కొట్టు పెట్టుకుని అడ్డంగా నడుస్తూ, అందరికీ అడగని సలహాలు చెప్పే పీత. దానికి మాట చెప్పాల్సిన నటుడు మొదటి రోజే రాలేదు. నూకరాజు బల్ల దగ్గర ఆ మాటల్నే తన ఊరి యాసలో గొణుక్కుంటుంటే రికార్డింగు ఆయన విని, రెక్క పట్టుకుని గదిలోకి లాక్కుపోయాడు. నవ్వే ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం నూకరాజుకి అలవాటు. ఆ సవరింపే పీతాంబరానికి ప్రాణమైంది. పదకొండేళ్ళు. బొమ్మా అతనిదే, గొంతూ అతనిదే. తునిలో పెళ్ళికి వెళితే పిల్లలు చుట్టూ మూగి మాట్లాడమనేవారు. అతను మాట్లాడేవాడు. అన్నం చల్లారిపోయేది.

ఫణీంద్ర ఆ స్టూడియో యజమాని. ఒకరోజు నూకరాజు బల్ల దగ్గరికి తనే వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నూకరాజు గారూ, మీ తరవాత వచ్చే పిల్లలకి పీతాంబరం ఎలా మాట్లాడతాడో తెలియాలి కదండీ. ఇంత విద్య మీతో ఆగిపోకూడదు."

విద్య అన్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి పట్టుకుని ఆ మాట అన్నాడు. నాలో నూకరాజు మొహం ఎర్రబడింది. నాలుగు రోజులు రికార్డింగు గదిలో కూర్చుని ఇచ్చిందంతా చదివాడు. నేను ఎదురుగా లేకపోతే నోరు తిరగదని నన్ను కూడా పట్టుకెళ్ళాడు. గుణింతాలు, అంకెలు, ఊళ్ళ పేర్లు, కూరగాయల పేర్లు. ప్రతి మాటా మామూలుగా ఒకసారి, కోపంగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి, నవ్వుతూ ఒకసారి. మూడో రోజుకి గొంతు బొంగురుపోతే వేడినీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నాడు. పిల్లలు నేర్చుకుంటారని దగ్గడం కూడా మూడు రకాలుగా దగ్గాడు. దీనికి ఎంతిస్తారని అడగలేదు. అడిగితే విద్య కాకుండా పోతుందనుకున్నాడేమో.

ఆ వారమే రెండోది కూడా జరిగింది. ఆ స్టూడియోలో రోజూ సాయంత్రం అయిదింటికి షీట్ల కట్ట అతని బల్ల మీదికి వచ్చేది. ప్రతి షీటు కింద కుడిపక్క పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెట్టి ఉంటుంది. నోళ్ళు సరిగా ఉన్నాయని అతను అక్కడ సంతకం చేస్తేనే ఆ షీటు ముందుకి కదులుతుంది. రోజుకి నలభై, యాభై. కళ్ళు నోళ్ళ వరస మీద ఉంటాయి, చెయ్యి ఇంటూ మార్కు మీద ఉంటుంది. ఆ సాయంత్రం కట్ట మధ్యలో రెండు కాయితాలకి గళ్ళు లేవు, ఒత్తుగా అచ్చు ఉంది. ఇంటూ మార్కు మాత్రం ఉంది. చెయ్యి ఆగలేదు. చూసింది నేనొక్కదాన్నే, నాకేమో నోరు లేదు.

రెండు నెలలకి పీతాంబరాన్ని ఎవరూ చూడడం లేదని చెప్పి కార్యక్రమం ఆపేశారు. నూకరాజుకి శాలువా కప్పి పంపేశారు. నూకరాజు నన్నూ ఆ బల్లనీ అడిగి తీసుకుని కృష్ణానగర్‌లో తన అద్దె గదికి తెచ్చుకున్నాడు. పుట్టినరోజుల బ్యానర్లు, ప్లే స్కూళ్ళ గోడలు. అప్పుడప్పుడూ నా ముందు పీతాంబరం గొంతుతో లోవని పిలిచేవాడు. ఆమె వంటింట్లోంచి నవ్వేది.

ఎనిమిది నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం లోవ తమ్ముడు బుల్లబ్బాయి తునినించి వచ్చాడు. సొంత బండి మీద ఊళ్ళు తిరిగి గోనెసంచులు అమ్ముకునే మనిషి. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. బావతో ఒక మాట ఉందన్నాడు. జేబులోంచి ఫోను తీసి, బల్ల మీద నాకు ఆనించి నిలబెట్టి, నొక్కాడు.

పీతాంబరం వచ్చాడు. అడ్డంగా నడిచి, ఆగి, గొంతు సవరించుకుని నవ్వాడు. "అడ్డంగా నడిచేవాణ్ణి నేను సెప్తున్నాను, ఈ స్థలం దగ్గరికి మాత్రం తిన్నగా వచ్చేయండి. నీళ్ళున్నాయి, పళ్ళచెట్లున్నాయి, రేపో మాపో ఇళ్ళుంటాయి. నాది పూచీ."

ఆ గొంతు నాకు తెలుసు. కానీ నా ఎదురుగా ఆ నోరు మూసి ఉంది. పదకొండేళ్ళలో ఆ గొంతు వస్తుంటే ఆ పెదవులు కదలకపోవడం నేను ఎన్నడూ చూడలేదు. నూకరాజు నా వైపే చూస్తున్నాడు. ఒక చెయ్యి మెల్లిగా పైకి లేచి పెదవుల మీద ఆనింది. కదలడం లేదని అతను తాకి చూసుకున్నాడు.

ఫోను ఆగింది. నూకరాజు "ఇది నేను అనలేదు" అన్నాడు.

బుల్లబ్బాయి నవ్వలేదు, కోప్పడలేదు. అదే భయంకరంగా ఉంది. నగరం అవతల ప్లాటుకి బండి అమ్మి డబ్బు కట్టాడట. మిగిలింది నెలనెలా కడుతున్నాడట. నిన్న చూడడానికి వెళితే అది చెరువట. "పూచీ అన్నావు గదా బావా. నీళ్ళు మాత్రం ఉన్నాయి, మోకాలి దాకా."

నూకరాజు లేచాడు. లోవనీ ఆమె తమ్ముణ్ణీ కళ్ళు మూసుకోమన్నాడు. తేడా చూపిస్తానన్నాడు. ఫోను ఒకసారి వినిపించి, అవే మాటలు తను అన్నాడు. మళ్ళీ ఫోను, మళ్ళీ తను. నాలుగోసారికి లోవ కళ్ళు మూసుకునే ఏడుస్తోంది.

"ఏది మీరో నాకు తెలవట్లేదండీ" అంది.

అతను ఫోను చేతిలోకి తీసుకుని బొమ్మ దగ్గర ఆపాడు. వేలు పెట్టి చూపించాడు. నీళ్ళు అన్నప్పుడు నాలుక మడత లేదు, చూడు, పళ్ళు అన్నప్పుడూ లేదు, నాది అయితే ఇక్కడ నీడ ఉంటుంది, ఇవి ఎనిమిది నోళ్ళే, నేను పద్నాలుగు గీస్తాను, ఇది నాది కాదు, లెక్కపెట్టు.

"నోళ్ళు నేనెందుకు సూత్తాను బావా?" అన్నాడు బుల్లబ్బాయి. "ఇంటాను గానీ. కంపెనీ మొహం కూడా నాకు తెలవదు. నీ గొంతు ఇని ఇచ్చాను."

మర్నాడు నూకరాజు స్టూడియోకి వెళ్ళి వచ్చి, బల్ల ముందు కూర్చుని లోవకి చెప్పాడు. ఫణీంద్ర టీ ఇచ్చాడట. రెండు కాయితాలు ముందు పెట్టాడట, రికార్డు చేసిన గొంతు మీద హక్కంతా స్టూడియోదని వాటిలో ఉందట. సంతకాన్ని నూకరాజే గుర్తుపట్టాడు. పిల్లల కోసమని చదివిందంతా ఒక యంత్రానికి వినిపించారట. ఇక అది ఏ మాట రాసి ఇచ్చినా పలుకుతుందట. స్థలాలవాళ్ళు అడిగితే అద్దెకి ఇచ్చారట. చెరువు సంగతి తమకి తెలియదట. తన గొంతు ఎలా అమ్ముతారని అడిగితే ఫణీంద్ర నొచ్చుకున్నాడట. "మీ గొంతు కాదండీ, పీతాంబరం గొంతు. పీతాంబరం మాది కదా నూకరాజు గారూ" అన్నాడట. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడట కూడా.

ఇదంతా చెబుతున్నప్పుడు నూకరాజు నోరు సరిగ్గా తెరుచుకోలేదు. అతను నాలోకి చూడలేదు. కాడ పట్టుకుని నన్ను గోడవైపు తిప్పేశాడు.

అప్పటినించి నేను విన్నదే తప్ప చూసింది లేదు. వకీలు ఏళ్ళు పడుతుందన్నాడు. బుల్లబ్బాయికి నెలనెలా కట్టాల్సింది ఆగదు, బండి లేకపోతే సంపాదన లేదు. స్థలాలవాళ్ళ ఆఫీసుకి తాళం పడింది. బుల్లబ్బాయి ఒక్కసారి కూడా డబ్బు ఇవ్వమని అడగలేదు. అడగకుండా ఆ ఇంట్లో మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున లోవ అంది. "మనం అన్లేదని నాకు తెలుసు. వాడు ఇన్నాడని కూడా నాకు తెలుసు."

తరవాత నూకరాజు తుని అవతల కొండవార పదకొండేళ్ళ జీతంలోంచి కొనుక్కున్న జీడితోట మాట ఎత్తాడు. అది బుల్లబ్బాయి పేర రాసేస్తానన్నాడు. వద్దు బావా అని బుల్లబ్బాయి ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు. అనని మాటకి పూచీ పడ్డ మనిషిని నేను ఇంకెక్కడా వినలేదు.

ఆ వారమే బల్లతో పాటు నన్ను పాత ఇనుము కొట్టుకి వేసేశారు. ఇక్కడ నా మీద దుమ్ము తప్ప ఏమీ పడదు. కొట్టువాడు తూకం వేస్తూ ఫోను చూస్తుంటాడు. ఇవాళ పొద్దున కూడా పీతాంబరం గొంతు సవరించుకుని నవ్వాడు. ఈసారి ఏవో మోకాళ్ళ నొప్పుల మాత్రలు మంచివని పూచీ పడుతున్నాడు. ఆ గొంతు అసలు మనిషి మాత్రం ఇప్పుడు ఇంట్లో కూడా సైగలతో సరిపెడుతున్నాడని, ఖాళీ సీసాలు అమ్మడానికి వచ్చిన లోవ కొట్టువాడితో అంది. ఫణీంద్రకి ఏం పోయిందో నాకు తెలియదు, పోయి ఉండదు. నూకరాజుకి పోయింది కాయితం మీద ఉంది, సంతకం చేసే ముందు ఆ ఒక్కసారి ప్రతి అక్షరం పైకి చదివాడు కాబట్టి గోడవైపు ఉండి కూడా విన్నాను: ఇరవై మూడు కాపు చెట్లు, ఒక నుయ్యి, ముప్పై ఏడున్నర సెంట్ల జీడితోట.